పలకాకు

అమ్మమ్మకు, నీ మనవరాలు క్షేమం. పది వేళ్లూ పదిలంగా ఉన్నాయి. తెగింది మా బైండింగు షాపు మేస్త్రి వేలు.

మొన్న అట్టలు కోస్తూ, ఎవరినో తిడుతూ, కత్తిని వేలి మీదికి తెచ్చుకున్నాడు. మన గడ్డిచామంతి ఇక్కడ కూడా పెరటి గోడ వారన గుబురుగా పెరిగి పూసింది. నేను "పలకాకు! పలకాకు!" అని అరుస్తూ దాని కోసం పరిగెత్తాను. పలకలు తుడిచే ఆ ఆకుకి మనింట్లో అదేగా పేరు! ఆయనేమో "పలకకు" అని గదమాయించాననుకున్నాడు పాపం. ఆకు నలిపి, పసరు పిండి, గుడ్డ కట్టేదాకా కిక్కురుమనలేదు. రక్తం ఆగాక మెల్లిగా అడిగాడు: "ఇప్పుడు పలకొచ్చా అమ్మాయ్?" షాపంతా పగలబడి నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి ఇక్కడ నేను డాక్టరమ్మని.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా దుప్పటి చెల్లి కాజేసిందా? అన్నట్టు, ఆ ఆకు నూనెలో కాచి రాస్తే జుట్టు వస్తుందనేదానివి. పచ్చిదా, నీడన ఎండబెట్టిందా? వెంటనే రాయి. మేస్త్రిది నున్నటి బట్టతల, చాలా ఆశ పెట్టుకున్నాడు. ఆ హుషారులోనే వచ్చే నెల నాకు వారం సెలవు ఇస్తానన్నాడు. తాతయ్యకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

ఒకవేళ జుట్టు సంగతి ఉత్తదే అయితే మాత్రం కార్డు మీద పెట్టకు. ఇక్కడికొచ్చే కార్డులన్నీ ముందు ఆయనే చదువుతాడు. నేను ఇల్లు చేరేదాకా నువ్వూ పలకాకు!