మేలి గట్టు ఏలకులు పీకవద్దు

కోయంబత్తూరు

నాయనకు అభినయ నమస్కారం. నా జ్వరం తగ్గింది, దిగులుపడవద్దు.

మంచుకు మాడిన ఏలకి తోటంతా పీకించబోతున్నావని అమ్మ చెప్పింది. కొండమీద నీకు ఫోను అందదు గనుక ఈ కార్డు. కింది మడి పీకించు, పైనున్న మేలి గట్టు మీది పొదలను మాత్రం ముట్టుకోవద్దు. ఆకు మాడినా వాటి దుంపలు బతికే ఉంటాయి.

ఆ గట్టు నుంచి నేను తెచ్చిన పిలకలను వేరే రకాల పిలకలతో పాటు ఇక్కడ ల్యాబులో గడ్డకట్టే చలిగదిలో పెట్టాను. మరునాటికి మిగతావన్నీ ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి, మనవి నిలిచాయి. మా మేడం నమ్మలేదు. "మీవి పెట్టిన మూల చలి తక్కువేమోమ్మా, చోటు మార్చి ఇంకోసారి చెయ్యి" అన్నారు. మార్చి చేసినా మనవే నిలిచాయి.

చలి తగలగానే మొక్కలో కొన్ని జన్యువులు మేలుకొని, కణాల పొర చిట్లకుండా కాపాడే పదార్థాలు తయారుచేయిస్తాయి. మన మొక్కల్లో అవి మిగతావాటికంటే ముందే మేలుకొంటున్నాయని పరీక్షలో తేలింది. "ఎవురి తోట ఇది?" అని మేడం అడిగారు. "మా నాయనదే" అన్నాను.

వాటికి కాపు తక్కువంటావు, నిజమే. బాగా కాచే రకంతో కలిపి, చలికి ఓర్చే మొక్కను తీస్తాము. ఏళ్ళు పట్టినా తీస్తాము.

అమ్మ మోకాలి నొప్పి ఎట్లుంది? జీపు బ్రేకులు చూపించావా? ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఈ రకానికి పేరు రాయమన్నారు. ఆ గట్టున నాటింది అవ్వే కదా, గోమతి అని అవ్వ పేరే రాశాను.

నీ కూతురు
అభినయ