నూట పన్నెండో పేజీలో తాళాలాయన

అక్కయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. నీ మరదలి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను.

ఆ డిటెక్టివ్ నవలలు ఏ వరసలో చదవాలని బావ అడుగుతున్నాడని రాశావు. అచ్చయిన వరసలోనే చదవమను. తొమ్మిదింటికీ ఊరొకటే, కథలు వేరు. మొదటి పుస్తకంలో దారి చెప్పి వెళ్ళిపోయిన దర్జీ, అయిదోదానిలో కేసు మొత్తం నెత్తిన వేసుకుంటాడు. రెండోదానిలో గాయానికి కట్టు కట్టిన నర్సునే ఏడోదానిలో అనుమానించాల్సి వస్తుంది, మనకు ప్రాణం ఉసూరుమంటుంది. ప్రూఫులు దిద్దీ దిద్దీ నేను ఆ ఊళ్ళో కాపురం పెట్టినట్టే అయ్యాను. ఏ వీధిలో ఎవరి తలుపు ఎటు తెరుచుకుంటుందో కళ్ళు మూసుకుని చెబుతాను.

ఇక నీ ప్రశ్న. మూడో పుస్తకంలో హత్యకు గురైన తాళాలు బాగుచేసే ముసలాయన, తొమ్మిదోదానిలో నిక్షేపంలా వచ్చి బీరువా ఎలా తెరిచాడని అడిగావు. నువ్వొక్కదానివే కాదు, ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. రచయిత్రికి మతి తప్పిందన్నారు. డెబ్బై ఏళ్ళావిడ, నిజమే కాబోలనుకుని పదో పుస్తకం సగంలో ఆపేశారు.

నీ దగ్గర దాచడమెందుకు? ఆవిడ మరిచిపోయారు, నేను చూశాను. చూసి కూడా వదిలేశాను. తొమ్మిదోదాని నూట పన్నెండో పేజీలో ఆ తాళాలాయన చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "తొందరేముంది, తలుపెక్కడికీ పోదుగా" అంటాడు. అచ్చం నాన్నే కదా? మూడో పుస్తకం నాటికి నాన్న ఉన్నారు గనక, ఆ చావులో కామాలు సరిచూసి పంపేశాను. తొమ్మిదోది వచ్చేసరికి నాన్న లేరు. ఎర్ర కలంతో ఆయన్ని కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదక్కా.

మొన్న ఆవిడ ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను.

"మరుపు నాది. దాన్ని పట్టుకోవడానికే నువ్వున్నావు. పట్టుకుని దాచావు," అన్నారు. "పదోది పూర్తి చేస్తాను. ప్రూఫులు మాత్రం నీకు రావు."

మర్నాడే రాయడం మొదలుపెట్టారట. నాకేమో ప్రెస్సువాళ్ళు వంటల పుస్తకాల ప్రూఫులు అప్పగించారు. సిగ్గుగానే ఉంది, కానీ గుండె బరువు దిగింది. పదో పుస్తకం వచ్చాక నేనూ నీలాగే కొట్లో కొనుక్కుని చదవాలి. నువ్వు ముందు చదివేస్తే హంతకుడెవరో నాకు రాయకు.

ఇట్లు,
నీ తమ్ముడు