పడటం వచ్చినవాడు

గురువుగారికి నమస్కారాలు.

హాలులో అంకెలు తప్ప ఇంకో మాట వినపడకూడదన్నది మీ నియమం. అందుకే వారానికి నాలుగు సాయంత్రాలు మీ ఎదురుగా నిలబడేవాణ్ణి అయినా, ఈ సంగతి రాసి తలుపు పక్కనున్న డబ్బాలో వేస్తున్నాను.

మీ దగ్గర కరాటే మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మన హాలు మూసి ఉండే మంగళ, గురువారాల్లో దీనికి తోడుగా ఇంకో విద్య కూడా నేర్చుకోవాలని ఉంది. మన దాంట్లో ఒక లోటు కనిపించింది. అదేమిటో రాయడానికి చెయ్యి రావడం లేదు. బాక్సింగా, జూడోనా, పార్కులో పెద్దవాళ్లు చేసే తాయిచీనా, మీరే చెప్పండి. జవాబు ఎప్పటిలాగే నా చెప్పుల్లో పెట్టండి.

మీ శిష్యుడు,
పళ్ల మేస్త్రి

తా.క. నేను చేసిచ్చిన మీ పై కట్టుడుపళ్ల సెట్టు ఈమధ్య మీరు లెక్కపెడుతుంటే ‘ఏడు’ దగ్గర జారుతోంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య క్లాసంతా ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాం. ఒకసారి షాపుకి తెస్తే సరిచేస్తాను.

*

పళ్ల మేస్త్రికి ఆశీస్సులు.

పదకొండేళ్ల తర్వాత లోటు కనిపించిందన్నమాట. సంతోషం. కట్టుడుపళ్లలో అరమిల్లీమీటరు తేడా పట్టుకునే కన్ను నీది, నాలో లోటు పట్టుకోవడం నీకెంతసేపు.

బాక్సింగ్ అంటావా, చేతులకు దిండ్లు కట్టుకుని కొట్టుకోవడం. తాయిచీ చూస్తే అందరూ కలిసి, పోయిన కళ్లజోడు వెతుక్కుంటున్నట్టుంటుంది. జూడో గురించి నేను ఒక్క ముక్క కూడా రాయను.

నీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్లు. మన గోడ మీద ఒక్కో బెల్టుకి ఒక్కో మేకు ఉంది. నీది ఖాళీ అయితే తగిలించుకునేవాళ్లు లేకపోలేదు.

గురువు

తా.క. సెట్టుకి ఏ లోటూ లేదు. లోటంతా నాలోనే ఉందని రాశావుగా.

*

గురువుగారికి నమస్కారాలు.

మీ ఆశీస్సులకు కృతజ్ఞతలు. మిగతా రెండింటికీ వంకలు పెట్టి జూడోని మాత్రం ఏమీ అనలేదంటే, మీ ఓటు దానికేనని అర్థమైంది. ఆ మంగళవారమే చేరిపోయాను.

మూడు వారాలుగా అక్కడ పడటమే నేర్పుతున్నారు. వెనక్కి పడటం, పక్కకి పడటం, గడ్డం ఛాతీకి ఆనించి పడటం. నలభై నాలుగేళ్లవాణ్ణి, చాప మీద దభీమని పడి ఇంత సంతోషపడతానని అనుకోలేదు. ఒక ఆదివారం మీ ఇంటికి వచ్చి ఇది మీకు చూపించాలని ఉంది. గదిలో బల్ల జరిపితే చాలు.

మీ శిష్యుడు,
పళ్ల మేస్త్రి

తా.క. ఇంట్లో సాధన చేస్తుంటే ఆ చప్పుడేమిటని కింది ఇంటివాళ్లు అడిగారు. మా ఆవిడ “ఏం లేదండీ, ఆయన చదువుకుంటున్నారు” అని చెప్పింది.

*

మేస్త్రికి,

వేరేచోట విద్య నేర్చి, పాత గురువు ఇంటికొచ్చి, బల్ల జరిపించి మరీ చూపిస్తావా. నా దగ్గర నేర్చినవాడు నిలబడతాడు. పడటం నేర్పే చోటు దొరికింది కాబట్టి అక్కడే ఉండు. నీ బెల్టు మడిచి నీ చెప్పుల మీద పెట్టాను. నీ మేకు పీకేశాను.

గురువు

తా.క. మేకుతో పాటు గోడ పెచ్చు కూడా ఊడింది. అది కనపడకుండా క్యాలెండరు తగిలిద్దామంటే అక్కడ మేకు లేదు.

*

గురువుగారికి నమస్కారాలు.

బెల్టు షాపులో బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పని సాగడం లేదు. ఇక దాచను.

వానలు మొదలైన వారం, నేను తలుపు వెనక చెప్పులు విప్పుతున్నాను. మీరు హాలు మెట్ల మీద జారి వెనక్కి పడ్డారు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని లేచారు. ఆ రోజు క్లాసంతా కుడిచెయ్యి వెనక దాచుకునే లెక్కపెట్టారు. మీకు డెబ్బై రెండేళ్లు. మన విద్యలో నిలబడటం ఉంది, పడటం లేదు. నేను రాయలేకపోయిన లోటు అదే. ముందు నేను నేర్చుకుని, చూపిస్తున్న నెపంతో మీకు నేర్పుదామనుకున్నాను. గురువుకి పడటం నేర్పుతానని ఏ శిష్యుడు రాయగలడు? పోనీ, ఎదురుగా నిలబడి నోటితో చెప్పేసినా పోయేది. భయపడ్డాను. ఆ భయానికి పదకొండేళ్లు పోగొట్టుకున్నాను.

జూడో మానేశాను. క్షమించండి.

పళ్ల మేస్త్రి

తా.క. మీకు కొత్త పైసెట్టు చేసి ఉంచాను. మనసు బాగోలేకపోయినా చేతికి మీ కొలతలు గుర్తున్నాయి.

*

నాయనా మేస్త్రీ,

ఇది నీ చెప్పుల్లో పెడదామంటే నా గుమ్మంలో నీ చెప్పులు లేవు. అందుకే మీ షాపు తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నువ్వు చూసింది నిజమే, కానీ సగమే చూశావు. అలా పడ్డ ముసలివాడికి తుంటి ఎందుకు విరగలేదని నీకు తట్టలేదా? గడ్డం ఛాతీకి ఆనించాను. అరచేత్తో మెట్టుని చరిచాను. మెట్టు మీద చాప ఉండదు కాబట్టి చెయ్యి వాచింది. అది జూడో అని ఎవరైనా గుర్తుపట్టారేమోనని చుట్టూ చూశాను. కరాటేకి ముందు తొమ్మిదేళ్లు నేను జూడో నేర్చుకున్నాను.

ఒకరోజు ఆ గురువుగారికి మాటైనా చెప్పకుండా కరాటేకి వచ్చేశాను. తోడుగా ఇంకొకటి నేర్చుకుంటానని అడగవచ్చని నాకు తోచలేదు. పధ్నాలుగేళ్ల తర్వాత వెళితే ఆయన లేరు. నా బట్టలు తగిలించుకునే మేకు మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎవరినీ వాడనివ్వలేదట. నా శిష్యులెవరూ చెప్పకుండా వెళ్లకూడదనే డబ్బా పెట్టాను. నువ్వు పద్ధతిగా అడిగావు. నేను మేకు పీకాను. నేను చెప్పకుండా వెళ్లినా ఆయన పీకలేదు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

జూడోకి మళ్లీ వెళ్లు. అక్కడి నీ గురువుతో నేనే మాట్లాడతాను. ఆదివారం బల్ల జరిపి ఉంచుతాను. డబ్బా తీసేశాను, వచ్చి నోటితో మాట్లాడు.

నీ గురువు

తా.క. పెచ్చు ఊడిన చోట ఎంత కొట్టినా మేకు నిలవడం లేదు. నీ బెల్టు తెచ్చి నా మేకుకే తగిలించు.

ఇంకో తా.క. కొత్త సెట్టు మర్చిపోకు. ఆ రోజు మెట్ల మీద పడటం రాక దెబ్బతిన్నది పాత సెట్టొక్కటే.