కోబేలో దక్షిణం ఫ్లాట్

రఘూ,

కోబేలో నువ్వు ముచ్చటపడ్డ పాత ఫ్లాట్ గుర్తుందా? రిటైరయ్యాక అక్కడే ఉందామన్నావు. ప్రకటనలో దక్షిణం ఫేసింగ్ అని చూడగానే, "దక్షిణం వాకిలా? చచ్చినా వద్దు, కాన్సిల్ చెయ్!" అన్నాను. నువ్వు ల్యాప్‌టాప్ మూసేశావు.

నువ్వు పోయిన ఏడాదికి అదే బిల్డింగ్‌లో పై అంతస్తు ఫ్లాట్ అమ్మకానికొచ్చింది. ఇక్కడ అమెరికాలో, బాతెల్‌లోని మన వంటగదిలో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. తమ జపాన్‌లో ఇంటి దిక్కు బాల్కనీకొచ్చే ఎండని బట్టి చెబుతారని, వాకిలి ఉత్తరానికేనని ఏజెంట్ అన్నాడు. అప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే, ఆ ఎండలో కొన్నాళ్లయినా కూర్చునేవాడివి.

నిన్న సంతకం పెట్టి కొనేశాను. పోస్టు డబ్బా మీద ఎవరి పేరు రాయమంటారని అడిగితే, నీ పేరు చెప్పాను. నీకు రాయడానికి ఇప్పుడొక అడ్రస్ ఉంది.

సుధ