నా ఒక్కదానికి వేరే గిన్నె

గోపికా,

త్రిపురాంతకంలో మా చెల్లెలి మనవడి పెళ్ళికి పోతున్నాను. రేపు మాపటికి వస్తాను. మేకపిల్లలను గంప కింద మూసిపెట్టినాను. మేకలు మేతనుంచి రాగానే పాలకు విడువు. పప్పు చేసి పెట్టినాను, పోపు నువ్వు వేసుకో.

పెళ్ళిలో నేను వరన్నమే తింటాను. బూరెలు, అప్పడాలు కూడా తింటాను. మావాడితో ఫోన్ చేయించినా ఆగను.

వరన్నం, చక్కెర, వేపుళ్ళు తగ్గిస్తే మోకాళ్ళ వాపు తీస్తుందని మార్కాపురం డాక్టరు చెప్పినాడు. చెప్పనీ. కొర్రన్నం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నేను కూలికి పోయిన ఇంట్లో వాళ్ళకు వరన్నం ఉడికేది, మాకు వేరే కుండలో కొర్రలు ఉడికేవి. నా ఇంట్లో మాత్రం అందరికీ ఒకటే ఎసరు పెట్టాలని అప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అట్లనే పెట్టినాను. ఇప్పుడు నువ్వు మీకందరికీ కుక్కర్లో సన్నబియ్యం పెట్టి, నా ఒక్కదానికి చిన్న గిన్నెలో కొర్రలు వండుతున్నావు. నా బాగు కోరే చేస్తున్నావు, తెలుసు. అయినా ఆ గిన్నె ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

కొర్రలు అందరికీ వండు, నేనూ తింటాను. లేదంటే నాకూ సన్నబియ్యమే పెట్టు. వాపు సంగతి నేను చూసుకుంటాను.

మీ అత్త

వాపు తగ్గిన మాట నిజమే. లేకుంటే బస్సు మెట్లు ఎట్ల ఎక్కుతాను? ఆ చిన్న గిన్నె కోసం వెతకొద్దు. దాంట్లో కోళ్ళకు నీళ్ళు పోసి పెట్టినాను.