చివరి అంకె రెండుసార్లు

పెద్దాడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ చెల్లీ బాగానే ఉన్నాం. నువ్వూ బాగుండాలని కోరుకోవడం తల్లిగా నా విధి కనుక కోరుకుంటున్నాను గానీ, నీ ఉత్తరం చూస్తే అలా లేవని తెలుస్తూనే ఉంది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చదివేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అడిగినవాటికి జవాబులు చెబుతాను. మోకాలి నొప్పి అలాగే ఉంది, మెట్లు దిగేటప్పుడే, ఎక్కేటప్పుడు కాదు. పై వాటా వాళ్ళ కుక్క చచ్చిపోయింది, ఇన్నాళ్ళకి మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తున్నాను. నీ గదిలో ఊగిపోతున్న కిటికీ రెక్క బాగుచేయించాను. ఆ గది ఇప్పుడు చెల్లి వాడుకుంటోంది, దానికి వెలుతురు కావాలట. నీ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది మంచం కిందకి తోశాను. వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని.

కళ్ళు మూసుకుంటే, నువ్వు విమానాలకి దారి చెప్పే ఆ రాడార్ తెరే కనిపిస్తోందని రాశావు. పనీపాటా లేకుండా కూర్చుంటే అలాగే ఉంటుంది. సస్పెండ్ చేశారంటే మంచం దిగొద్దని కాదు. క్వార్టర్ ఊడ్చుకో. బట్టలు ఉతుక్కో. గడ్డం గీసుకో, ఆ అవతారంతో విచారణకి వెళితే చూసినవాళ్ళు జడుసుకుంటారు.

ఆ ఎయిర్‌హోస్టెస్ ఎలా ఉందని అడిగావు. ఆసుపత్రి మన ఊళ్ళోనే కదా, వెళ్ళి చూసొచ్చాను. చిన్నపిల్ల. టీ బండి తోసుకుంటూ వస్తుండగా విమానం ఒక్కసారిగా కిందకి జారితే, పైకప్పుకి గుద్దుకుని ఆ బండి మీదే పడిందట. నడుం కింద స్పర్శ లేదు. ఇక రాదని నర్సు బయటికొచ్చాక చెప్పింది. నేనెవరో ఆ పిల్లకి చెప్పలేదు. పక్క వార్డులో మావాళ్ళు ఉన్నారని చెప్పి పళ్ళు ఇచ్చి కూర్చున్నాను. "మీకు పిల్లలెంతమంది ఆంటీ?" అని అడిగింది. "ఇద్దరమ్మా. ప్రస్తుతానికి ఇద్దరూ ఖాళీయే" అన్నాను. పాపం, నవ్వింది.

జరిగినదంతా నువ్వు మళ్ళీ మొదటి నుంచి రాశావు. నాకు తెలియనిదా? ఆ ఏర్పాటు పుట్టిందే నా భోజనాల బల్ల దగ్గర. చెల్లి నడిపే విమానం నీ వాటా ఆకాశంలోకి రాగానే, అది తన విమానం నంబరు చెబుతూ చివరి అంకె రెండుసార్లు అనాలి. అది విని నువ్వు వంకర దారి తప్పించి దాన్ని తిన్నగా పంపాలి. రేడియోలో అన్నయ్యా అని పిలవట్లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అని ముగ్గురం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను, కాదనను. అది పెందలాడే ఇంటికొస్తే నాకూ వంటిల్లు త్వరగా సర్దుకోవడానికి వీలు.

ఆ రోజు నీ పక్క సీటతను రాలేదు. అతని వాటా కూడా నీ నెత్తినే రుద్దారు. తెర నిండా విమానాలు. అయినా చెల్లి ఆ అంకె రెండుసార్లు అనేసరికి అలవాటు కొద్దీ తిన్నగా పొమ్మన్నావు. ఆ దారికి అడ్డంగా ఇంకో విమానం దిగుతోందని ఆలస్యంగా చూశావు. రెండింటి మధ్య ఉండాల్సిన ఎడం తగ్గిపోతుంటే ముందు చెల్లినే పిలిచి పక్కకి తిరగమన్నావు. పలకలేదు. మళ్ళీ పిలిచావు, పలకలేదు. అప్పుడు రెండో విమానాన్ని పిలిచి ఉన్నపళంగా దిగిపొమ్మన్నావు. ఆ పైలట్ మారు మాట్లాడకుండా దించేశాడు. ఆ పిల్ల టీ బండి తోస్తున్నది అందులోనే. రెండు విమానాలవాళ్ళూ బతికి బయటపడ్డారు, ఆ పిల్ల నడుం తప్ప.

చెల్లి ఎందుకు పలకలేదో ఇప్పటికీ అర్థం కావట్లేదన్నావు. నాకు చెప్పింది. పక్కనున్న పైలట్ ఏదో జోకు చెబుతుంటే, సరిగ్గా వినపడటం లేదని రేడియో గొంతు తగ్గించిందట. అంతే. జోకు ఏమిటని అడిగాను. గుర్తు లేదంది.

ఇక అసలు సంగతి. "విచారణ అధికారి ఇంటికొస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా. నా వాటా తప్పు నేను మోస్తాను, మొత్తం నేనొక్కణ్ణే మోయలేను" అని రాశావు. నీ ఉత్తరం నాకు అందాకే ఆయన వచ్చాడు. పొట్టిగా, మర్యాదగా ఉన్నాడు. నీళ్ళు తాగిన గ్లాసు తనే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాడు. అంకె సంగతి సూటిగా అడిగాడు.

"మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ అంతే సార్. ఫోన్ నంబరు చెప్పినా చివరి అంకె రెండుసార్లు అంటుంది" అన్నాను.

"మరి మీ అబ్బాయి?"

"వాడికి నిద్ర పట్టదు సార్. మాత్రలు వేసుకుంటాడు."

నీ సొరుగులోంచి మాత్రల అట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టాను, అడక్కుండానే. నువ్వు అవి మానేసి చాలా కాలమైందని నాకు తెలుసు. ఆయనకి తెలియదు.

తిట్టుకో. అయితే ఇంకొకటి ఉంది, అదీ విని ఒకేసారి తిట్టుకో. విచారణ అయ్యేదాకా మీ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోకూడదన్నారు కదా. కబుర్లేమైనా ఉంటే మధ్యలో నేనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపి రిటైరైనదాన్ని. ఏ లైను కలపకూడదో కూడా నాకు తెలుసు.

అధికారి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే చెల్లి యూనిఫాం వేసుకుని హాల్లోకి వచ్చింది.

"ఎక్కడికే? నిన్ను ఎగరొద్దన్నారుగా?"

"ఆఫీసుకెళ్ళి చెప్పేస్తానమ్మా. అడిగింది నేను, పలకంది నేను. అన్నయ్య ఒక్కడే పోతుంటే చూస్తూ ఎలా కూర్చోను?"

తొందరలో బూటు లేసు ముడి పడటం లేదు. నేను కింద కూర్చుని ఆ ముడి వేస్తూ అన్నాను. "అన్నయ్య వద్దన్నాడే. ఉత్తరం రాశాడు. ఇద్దరం మునగడం ఎందుకు, చెల్లిని నోరు విప్పొద్దని చెప్పమ్మా, నా మీద ఒట్టు అన్నాడు."

అది అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇలాంటి అన్నయ్య ఎవరికుంటాడమ్మా?" అంది. "ఎవరికీ ఉండడు" అని లేసులు విప్పేశాను.

ఎందుకిలా చేశావని అడుగుతావు. ఉద్యోగం పోతే అది బతకలేదు, నువ్వు ఎలాగో బతుకుతావు. ఇంకో కారణం ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గుచేటు. మా అమ్మాయి పైలట్ అంటే ఇరుగుపొరుగు నోరెళ్ళబెడతారు. నీ ఉద్యోగం గురించి ఎంత వివరించినా చివరికి "అయితే జెండా ఊపుతాడా?" అంటారు. కానీ అసలు కారణం నువ్వే రాశావు. చెల్లి పలకలేదు కాబట్టి పలికేవాణ్ణి కిందకి దించానన్నావు. నేనూ అదే చేశాను నాయనా. ఈ ఇంట్లో పిలిస్తే పలికేవాడివి నువ్వొక్కడివే.

విచారణ ముగిశాక చెల్లి నీ దగ్గరికి వస్తానంటోంది. కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. అప్పుడు తెల్లమొహం వెయ్యకు. ఆ ఒట్టు పెట్టింది నువ్వే.

ఈ ఉత్తరం చింపెయ్యమని చెప్పను. చెల్లి చేసిందీ, నేను చేసిందీ నా చేతిరాతతోనే ఇందులో ఉన్నాయి. దీన్ని తీసుకెళ్ళి ఆ అధికారి బల్ల మీద పెడితే నీ బరువు సగానికి సగం దిగుతుంది. చెల్లి ఉద్యోగం పోతుంది, నన్నూ కోర్టుకి లాగుతారు. నువ్వు పెట్టవు. పెట్టవని తెలిసే ఇంత వివరంగా రాశాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ