మా నాయన తీసిన పెళ్లి

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంజామల మేరమ్మ టీచరు నంద్యాలలో మన స్టూడియోకి వచ్చింది. ఆళ్లగడ్డ చర్చిలో నువ్వు వీడియో తీసిన తన కూతురి పెళ్లిని, నువ్విచ్చిన క్యాసెట్టు నుంచి ఎవరితోనో డీవీడీగా మార్పించుకుందట. కొత్త పెద్ద టీవీలో వేస్తే ముఖాలు అడ్డంగా సాగాయి. చేతులు కదిలితే చాలు, అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి.

"మీ నాయనది పాత కెమెరా గదా పాపా, అట్లే ఉంటాది," అంది.

నాకు ఒళ్లు మండింది. "తప్పు కెమెరాది కాదు టీచరమ్మా, మార్చినోళ్లది," అని బీరువాలోంచి అసలు టేపు తీశాను. అందరూ టేపులు చెరిపి మళ్లీ వాడుకునే రోజుల్లో నువ్వు ఒక్కటీ చెరపలేదు. ఆ చీలికలు పోయేలా సరిచేసి, బొమ్మను సాగదీయకుండా దాని కొలతలోనే మార్చి చూపించాను.

"రెండు పక్కలా ఈ నలుపేంది?"

"అది పోవల్లంటే మీ పాప మళ్లీ లావైతాది."

పెళ్లికూతురి ముసుగు అంచున లేసు పువ్వులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. "పెండ్లినాడు గూడా నేను ఇంత బాగా చూడలే," అంది టీచరు.

నీ పద్ధతి ఒక్కటి మాత్రం పాటించలేదు నాయనా. కెమెరా వెనక నీ గొంతు వినపడకుండా నువ్వు పాటలు వేసేవాడివి. నేను వేయలేదు.

"ఏడవాకమ్మా, ఇట్ల చూడు, నవ్వల్ల," అని టీవీలో నువ్వన్నావు.

టీచరు తలెత్తింది. "మీ నాయనే గదా?"

"అవును. మా నాయనే," అన్నాను.